ఆదాము రాసిన టైము

విజయనగరంలో ఒక ప్రైవేటు ఆసుపత్రి ఆపరేషన్ థియేటర్‌లో ఇరవై ఆరేళ్లుగా అటెండరు మా ఆదాము. నెల్లిమర్ల మనిషి, బాప్టిస్టు చర్చిలో సంఘపెద్ద. ఎవరి మాటా కాదనలేడు. ఆయనకున్న జబ్బల్లా అదే.

మా వైపు ఆపరేషన్ అయ్యాక తీసిన గడ్డని బయట కూర్చున్న బంధువులకి చూపించాలి. లేకపోతే అసలు తీశారో లేదోనని అనుమానం. ట్రే పట్టుకెళ్లి చూపించి, నాలుగు ధైర్యం మాటలు చెప్పి రావడం ఆదాము పని.

నిరుడు ల్యాబు డాక్టరు అరుణశ్రీ రొమ్ము కాన్సర్ గడ్డలకి కొత్త పరీక్ష మొదలుపెట్టింది. గడ్డలో ఏ జన్యువులు ఎంత జోరుగా పనిచేస్తున్నాయో చూసి మందు నిర్ణయిస్తారు. ఆదాముని కూర్చోబెట్టి మరీ చెప్పింది.

"కోసి తీసినా ఆ కండ వెంటనే చచ్చిపోదు. రక్తం అందక గాభరా పడుతుంది. కొన్ని జన్యువులు రెచ్చిపోతాయి, కొన్ని అణిగిపోతాయి. ఆలస్యమైతే మనకి కనిపించేది రోగం కాదు, ఆ గాభరా. పది నిమిషాల్లో మందునీళ్ల సీసాలో పడాలి. తీసిన టైమూ, వేసిన టైమూ రాయండి."

కళింగపట్నం యమునకి ఆపరేషన్ అయిన రోజు ఆమె అత్త కూర్మమ్మ ట్రేకి అడ్డం పడింది.

"మా శివాజీ బస్సులో ఉన్నాడు బాబూ. పెళ్లాం గడ్డ ఆడు సూడకపోతే ఎలగ? సిటికిలో వస్తాడు."

ఆ చిటిక గంటా ఇరవై నిమిషాలైంది. ఆదాము ట్రే మీద గుడ్డ కప్పి నిలబడ్డాడు. తర్వాత కాగితం మీద, తీసింది 10.40, వేసింది 10.48 అని రాశాడు.

ఆపరేషన్‌కి ముందు సూదితో తీసిన చిన్న ముక్క మీద చేసిన పరీక్ష మాత్రలు చాలంది. ఈ ముక్క మీద చేసిన పరీక్ష కీమో పెట్టాల్సిందే అంది. పెద్ద ముక్క, పైగా ఎనిమిది నిమిషాల్లో సీసాలో పడింది కాబట్టి అరుణశ్రీ దీన్నే నమ్మింది. సోమవారం కీమో అని యమునకి చెప్పేశారు.

ఆ సంగతి ఆదాము చెవిన పడింది. నిజం చెబితే ఉద్యోగం ఉండదు. ఈ ఉద్యోగం పోతే మరొకరు పిలిచి ఇచ్చే వయసు కాదు. ఆదివారం చర్చిలో ప్రార్థన చేయమంటే మరొకరిని చేయమన్నాడు. సోమవారం పొద్దున్నే డాక్టరు గదికి వెళ్లాడు.

"మేడమ్, ఆ ఎనిమిది నిమిషాలు అబద్దం. గంటా ఇరవై అయినాది. ఆళ్ల కోసం ఆగినాను."

అరుణశ్రీకి ఒళ్లు మండిపోయింది. "ఆలస్యమైందని రాసుంటే ఆ ముక్క పక్కన పెట్టేసేదాన్ని కదా, ఆదాముగారూ!"

కీమో ఆపించింది. సూది ముక్కని మళ్లీ పరీక్షిస్తే మాత్రలే చాలని తేలింది. ఆదాముని థియేటర్ నుంచి తీసేసి గేటు దగ్గర వేశారు.

నెల తర్వాత కూర్మమ్మ గేటు దగ్గర ఆయన్ని గుర్తుపట్టి, ఎండుచేపల పొట్లం చేతిలో పెట్టబోయింది.

"మావోడొచ్చేదాకా ఆగినావు. నీలాటోడు ఉండడు బాబూ."

ఆదాము పొట్లం అందుకోలేదు. ఆగడం వల్ల ఏం జరగబోయిందో, తను ఏం రాశాడో మొత్తం చెప్పాడు. కూర్మమ్మ పొట్లం వెనక్కి తీసుకుంది.

"నాను ఆగమంతాను బాబూ, నాకేటి తెల్సు? నీకు తెల్సు కదా."