అడవి లెట్యూస్ అట్టల మీద పేరు

మా మేనత్త పోయింది. కామెర్లు ముదిరాక ఆసుపత్రిలో చేర్చారు, ఇక లాభం లేదని ఇంటికి పంపేశారు. ఆవిడ పనిచేసే విజయనగరం కాలేజీకి కబురు పంపితే, సంతాపంగా ఆ పూట కాలేజీకి సెలవిచ్చారు. ఉద్యోగంలో ఉన్నంతకాలం ఆవిడకి అడిగిన సెలవు ఇచ్చింది లేదు.

ఆవిడ వృక్షశాస్త్రం డిమాన్‌స్ట్రేటరు, పిల్లలకి ప్రాక్టికల్స్ చేయించేది. లెక్చరరు కాలేదు, కానివ్వలేదు. పిచ్చి అంతా ఒక కలుపు మొక్క మీద. పుస్తకంలో దాని పేరు అడవి లెట్యూస్. ఆకు విరిస్తే పాలు కారతాయి, నోట పెడితే చేదు. వరి కోతలయ్యాక గట్ల మీద మొలుస్తుంది. దానికోసం బొబ్బిలి, నరసన్నపేట బస్సుల్లో తిరిగేది. ఉక్కు ఫ్యాక్టరీ గొడవల్లో బస్సులు ఆగినా ఆవిడ ఆగలేదు, ఎడ్లబండి ఎక్కింది.

ఓసారి నేనూ వెళ్లాను. గట్టు మీద రైతు నవ్వాడు.

"ఏటమ్మా, ఆ పిచ్చిమొక్క ఏటి సేసుకుంటావు? కూరొండుతావా?"

"కూరకి కాదు మావా, దాసుకుంటాను. రేపు నీ గట్టు మీద ఇది లేకపోయినా, ఒకప్పుడుండేదని తెలియాల కదా."

వేరు తెగకుండా పెకలించి, పాత పేపరు మధ్య పరిచి, పరుపు కింద పెట్టి దాని మీదే పడుకునేది. ఎండాక అట్టకి కుట్టి, దొరికిన ఊరు, గట్టు, పువ్వు రంగు రాసేది. "ఎండితే రంగు పోతాదే, సూసినప్పుడే రాసీయాల" అనేది నాతో.

ఆ అట్టలు పెద్ద ఊళ్లో ఎండుమొక్కలు భద్రపరిచే హెర్బేరియానికి వెళ్లేవి, డిపార్ట్‌మెంటు పెద్దాయన పేరుతో. ఆయన చెప్పు ఏనాడూ గట్టు తొక్కలేదు. సేకరించినవారి చోట తన పేరు కూడా రాయనివ్వమని అత్త ఒక్కసారే అడిగింది.

"జీతం కాలేజీదమ్మా, మొక్కా కాలేజీదే" అన్నాడాయన.

ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు. "ఎండలో ఏగినదాన్ని నేను. నా పేరుంటే ఆలకేటి నొప్పే?" అని ఏడ్చింది.

ఆ తర్వాత ప్రతి మొక్కకీ జత తెచ్చేది. కాలేజీకి ఒకటి, తనకొకటి. తనదానికి తన పేరే రాసుకుని పరుపు కిందే దాచుకుంది. ఎప్పటికైనా తనే స్వయంగా హెర్బేరియానికి పట్టుకెళ్లి ఇస్తానంది.

పోయినవాళ్ల పక్కబట్టలు మా ఇళ్లలో ఉంచరు. పాడె వెనకే పరుపు కూడా చుట్టి తీసుకెళ్లి చితి పక్కన కాల్చేశారు. కబురంది నేను ఊరు చేరేసరికి అంతా అయిపోయింది. అట్టలేవని నాన్నని అడిగాను.

"పరుపు కింద కాయితాలేవో ఉన్నాయమ్మా. దానికి ఇష్టమైనవి కదా, దాంతోనే పోనీ అని ఏసీసినాను" అన్నాడు, కళ్లు తుడుచుకుంటూ.

కాలేజీలో సంతాపసభ పెట్టారు. పెద్దాయన ఫొటోకి దండేసి, "మొక్కల గదిని అద్దంలా ఉంచేది" అన్నాడు. అంతే, పాతికేళ్ల చాకిరీకి ఆ ముక్క.

సభ మధ్యలో లేచి ఆ గదికి వెళ్లి బీరువా తీశాను. హెర్బేరియానికి ఇంకా పంపని అట్టలున్నాయి, అన్నిటికీ పైన నరసన్నపేట మొక్క. ఆకు నల్లబడింది, పాలు కారినచోట కాగితం మీద గోధుమరంగు మరక. కింద చీటీలో ఊరు, గట్టు, పువ్వు రంగు, ఆ కింద పెద్దాయన పేరు, మొత్తం మా అత్త గుండ్రటి చేతిరాతలో.