కుంకుమ భరిణెలో పల్లికాయ

పోయిన నెల ఒక తెల్లవారుజామున ఎదురింటి అబ్బాయి చెప్పుల్లేకుండా వచ్చి మా గేటు దగ్గర నిలబడ్డాడు. పాల ప్యాకెట్ల కోసం తలుపు తీసిన నాకు అతని కాళ్లు చూడగానే సంగతి తెలిసిపోయింది. "అత్తమ్మా, అమ్మ లేదు" అన్నాడు. నిద్రలోనే పోయిందట. దవాఖానాకు తీసుకుపోయే పని కూడా ఎవరికీ పెట్టలేదు. తన పని ఇంకొకరికి పెట్టడం ఆవిడకు ఎప్పుడూ గిట్టలేదు. నా వంటింట్లో దూరి నా పని తాను చేయడం మాత్రం మహా ఇష్టం.

నాచారంలో మా గల్లీ వెడల్పు పదడుగులు. అటు ఆవిడ, ఇటు నేను. ఆవిడది జనగామ వైపు, భర్తకు ఇక్కడి ఫ్యాక్టరీలో ఉద్యోగం. నాది కృష్ణా జిల్లా, హైస్కూల్లో పిల్లలకు ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యాను. ఆవిడ నన్ను వదినా అనేది, నేనూ ఆవిడను వదినా అనేదాన్ని. ఎవరి తరఫున వదినలమో ఇద్దరికీ తెలియదు. రాష్ట్రం గొడవలో మా అభిప్రాయాలు కలిసేవి కావు. నేను గడప దాటి లోపలికి రాగానే ఆవిడ టీవీ కట్టేసి చాయ్ పెట్టేది. రేపు రాష్ట్రాలు విడిపోతే మీ ఇంటికి రావడానికి నాకు పాస్‌పోర్టు కావాలేమో అని ఒకసారి అన్నాను. "ఉన్నది గదా, ఇద్దరం కలిసే తీయిస్తిమి" అంది, చక్కెర డబ్బా మూత బిగిస్తూ.

ఆ పాస్‌పోర్టుల కథ చెప్పాలంటే ముందు సర్వపిండి సంగతి చెప్పాలి.

మా అమ్మాయి, అల్లుడు ఇద్దరూ పోచారంలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు. మనవరాలు నా దగ్గరే పెరిగింది. దానికి నాలుగేళ్లప్పుడు వదిన బియ్యప్పిండిలో పల్లీలు వేసి, గిన్నెకు తట్టి కాల్చే సర్వపిండి చేసి, ఒక ముక్క దాని చేతిలో పెట్టింది. కాసేపటికి పిల్ల పెదవులు వాచాయి, గొంతులో ఈల మొదలైంది. ఉప్పల్ దవాఖానా దాకా ఆటోలో నేను పిల్లను పట్టుకుంటే, వదిన నన్ను పట్టుకుంది. పిల్ల బతికింది. వేరుశనగ గింజ దీని జన్మలో ముట్టకూడదని డాక్టరు చెప్పాడు.

ఆ సాయంత్రమే వదిన తన ఇంట్లోని పల్లీలన్నీ ఎవరికో ఇచ్చేసి, డబ్బా కడిగి బోర్లించింది. మళ్లీ ఆ ఇంట్లోకి పల్లీ రాలేదు. పల్లీల్లేని సర్వపిండి ఉట్టి రొట్టెతో సమానమని అన్నయ్యగారు గొణిగితే, "అయితే రొట్టె అనుకోనే తిను" అందట.

నేను మాత్రం కాపలా మనిషినయ్యాను. పిల్ల ఎవరింటికి పుట్టినరోజుకు పోయినా వెనకే టిఫిన్ బాక్సుతో నేనూ పోయేదాన్ని. అందరూ కేకు తింటుంటే అది నేను పెట్టిన ఇడ్లీ తినేది. బడిలో దాని స్నేహితురాళ్లు నన్ను ఇడ్లీ అమ్మమ్మ అనేవాళ్లని చాలా ఆలస్యంగా తెలిసింది.

అది పదో తరగతి పరీక్షలు రాసిన వేసవిలో మా అమ్మాయి బ్యాంకాక్ ప్యాకేజీ టూరు కట్టింది. తీరా వాళ్లిద్దరికీ సెలవు దొరకలేదు. పిల్లకు తోడు నేను, నాకు తోడు వదిన. విమానం ఎక్కాలన్న కోరిక ఆవిడకు ఎప్పటినుంచో ఉంది. పాస్‌పోర్టు ఫోటో దిగడానికి ఉప్పల్ పోతే, స్టూడియో అబ్బాయి నవ్వొద్దన్నాడు. "పైసలిచ్చి ఏడుపు మొఖం దిగుడేంది" అని దారి పొడుగునా ఆవిడ సణుగుడు.

నేను మందులు, పిల్లకు ఊపిరాడకపోతే పొడిచే సూది, డాక్టరు చీటీ సర్దుకున్నాను. వదిన ఒక కుంకుమ భరిణె సర్దుకుంది. అందులో ప్లాస్టిక్ కవరులో మడిచిన ఒకే ఒక్క పల్లికాయ, పెంకుతో సహా. మనకు వాళ్ల భాష రాదు, వాళ్లకు మన భాష రాదు, వస్తువు చూపిస్తే సరిపోతుందని ఆవిడ లెక్క. ఇంగ్లీషులో ఎంఏ చదివిన నేను ఉండగా ఈ భరిణె ఎందుకని నవ్వాను. అక్కడ నా ఇంగ్లీషు ఎవరికీ అక్కరకు రాలేదు.

టూరు వాళ్లు రోజూ ఒక ఉత్తరాది హోటల్లో పప్పు, రొట్టె, ఆలుగడ్డ కూర పెట్టేవారు. నాకు ప్రాణం హాయిగా ఉండేది. టూరు మధ్యలో వచ్చిన తన పుట్టినరోజు పొద్దున మనవరాలు ఒక్కటే అడిగింది. ఈ ఊరివాళ్లు తినే భోజనం ఒక్కపూట తినాలని. నేను కుదరదన్నాను. అక్కడ నూడుల్స్ మీద, పచ్చడిలో, పులుసులో, చివరికి ఐస్‌క్రీము మీద కూడా వేరుశనగ పొడి చల్లుతారు. వాళ్లమ్మకు నేను మాటిచ్చి వచ్చాను. పిల్ల ఏడవలేదు, అలగలేదు. "సరే అమ్మమ్మా" అని, ఆ ఉత్తరాది హోటల్లో నేను అడిగి చేయించిన ఇడ్లీల బాక్సు తన సంచిలో పెట్టుకుంది. ఆ సరే నాకు నచ్చలేదు, వదినకు అసలే నచ్చలేదు.

సాయంత్రం నది ఒడ్డున నడుస్తుంటే ఆవిడ ఒక చిన్న హోటలు ముందు ఆగి, మమ్మల్ని అడగకుండా లోపలికి పోయి కూర్చుంది. వెళ్లక తప్పింది కాదు. వడ్డించే అబ్బాయి రాగానే వదిన భరిణె తీసి, పల్లికాయ చూపించి, రెండో చేయి గాలిలో తిప్పింది. మన ఊళ్లో అరచెయ్యి అలా తిప్పితే లేదని, వద్దని అర్థం. బస్సు కండక్టరు దగ్గర్నుంచి కిరాణా కొట్టు వరకు ఎవరూ దానికి ఇంకో అర్థం తీయరు. ఆ అబ్బాయి ఎంతో ఆనందంగా తలూపి పోయి, వేయించిన వేరుశనగలు ఒక పళ్లెం నిండా తెచ్చి పిల్ల ముందు పెట్టాడు.

పిల్ల కుర్చీతో సహా వెనక్కి జరిగింది. నా చెయ్యి సంచిలోని సూది మీదికి పోయింది. ఇక చాలు, లేచి పోదామన్నాను.

వదిన ఆ పళ్లెం ఎత్తి దూరంగా పెట్టి, చేతులు కడుక్కొని వచ్చింది. హోటలు నడుమ నిలబడింది. భరిణె చూపించింది, పిల్లను చూపించింది, తర్వాత బుగ్గలు పూరించి, గొంతు పట్టుకుని, కళ్లు తేలేసి, గోడకు ఆనుకుని జారి కింద కూర్చుంది. అందరూ తినడం ఆపేశారు. లోపలినుంచి వంట చేసే ముసలావిడ పరుగెత్తుకొచ్చింది. వదిన ఒక కన్ను తెరిచి ఆమెను చూసి, మళ్లీ చచ్చిపోయింది. ముసలావిడకు అర్థమైంది. వదినను లేవదీసి, చెయ్యి పట్టుకుని వంటింట్లోకి తీసుకుపోయింది. మూకుడు తోమించడం, కొత్త నూనె పోయించడం, కత్తి కడిగించడం అన్నీ వదిన నిలబడి చూసిందట.

నిమ్మరసంలో ఉడికించిన చేప వచ్చింది. తెల్లటి అన్నం, కొబ్బరిపాలతో బంక అన్నం, మామిడిపండు ముక్కలు వచ్చాయి. వదిన ముందు తాను తిని చూసింది. నీకేం కాదు కదా, నువ్వు తిని లాభమేమిటని విసుక్కున్నాను. "పల్లీ రుచి నా నాలుక మరువదు. ఉంటె పట్టుకుంట" అంది. పిల్ల మొదటి ముద్ద ఎత్తింది. నేను దాని పెదవుల రంగు చూస్తున్నాను, గొంతు చూస్తున్నాను, ఊపిరి వింటున్నాను. ముద్ద నోటి దాకా వచ్చి ఆగింది.

"అమ్మమ్మా, నువ్వలా చూస్తుంటే దిగట్లేదు."

వదిన నా భుజం పట్టుకుని పక్కకు తిప్పింది. "నీ భయం నీది, పొల్ల ఆకలి పొల్లది. రెండిటిని ఒక్క పళ్లెంల పెట్టకు వదినా. నువ్వు జర గోడ దిక్కు సూడు."

గోడ దిక్కు చూశాను. ఆకుపచ్చ రంగు, ఒక క్యాలెండరు, ఒక బల్లి. ఆ బల్లిని ఎంత శ్రద్ధగా చూశానో నా విద్యార్థుల జవాబు పత్రాలను కూడా అంత శ్రద్ధగా చూడలేదు. వెనక చెంచా చప్పుడు, ఇద్దరి నవ్వులు. సూది సంచిలోనే ఉండిపోయింది. నేను ఇటు తిరిగేసరికి పిల్ల పళ్లెంలో చేప ముల్లు తప్ప ఏమీ లేదు. బంక అన్నంలో గుచ్చిన కొవ్వొత్తి వెలిగించి ఆ ముసలావిడ ఏదో పాడింది. వదిన ఆ భరిణె పిల్ల చేతిలో పెట్టి, ఇదే నీ పుట్టినరోజు బహుమతి, ఇక నుంచి నువ్వే అడిగి తినాలంది. బాక్సులోని ఇడ్లీలు రాత్రికి నేను తిన్నాను.

దశదిన కర్మ నాడు వాళ్లింటి ముందు గల్లీలోనే షామియానా వేశారు. హాస్టలు నుంచి మనవరాలు వచ్చింది. వంటవాళ్లు కొత్తవాళ్లు, తెలుగు అంతంత మాత్రం. నా సంచిలో బాక్సు ఉంది, ఉండకుండా ఎలా ఉంటుంది. అది నా వైపు చూడకుండా పొయ్యిల దగ్గరికి పోయి, భరిణె తెరిచి, కవరులోనే ఎండి నల్లబడ్డ ఆ పల్లికాయను చూపించి, అరచెయ్యి గాలిలో తిప్పింది. వంటాయన కూడా అరచెయ్యి తిప్పాడు. ఒక్కటి కూడా వేయొద్దని ఎదురింటి అబ్బాయి ముందురోజే చెప్పాడట.

పిల్ల వచ్చి పంక్తిలో కూర్చుంది. విస్తరిలో అన్నం పడింది. నా కళ్లు అలవాటుగా దాని మూతి మీదికి పోబోయాయి. బలవంతాన గోడ దిక్కు తిరిగాను.

గోడకు వదిన ఫోటో దండతో ఉంది. ఇంకో మంచి ఫోటో దొరక్క, పాస్‌పోర్టుదే పెద్దది చేయించారు. నన్ను చూడొద్దన్న మనిషి, తాను మాత్రం నవ్వకుండా, రెప్ప వేయకుండా, పిల్ల తినడాన్నే చూస్తోంది.