నాలుగు చీటీల పిల్లి

2019 ఆగస్టు 20, మంగళవారం, ఉదయం తొమ్మిది గంటల పది నిమిషాలు. ప్రత్తిపాడుకు దగ్గర్లోని ఒక ఊళ్ళో ఏరియా పశువైద్యశాలకు నేను సహాయ సంచాలకురాలిని, అంటే అక్కడి పెద్ద డాక్టర్ని. పల్లెల్లో ఉండే చిన్న కేంద్రాల కంటే ఏరియా ఆసుపత్రి ఒక మెట్టు పైది. అక్కడి అధికారి సంతకానికి పోలీసు స్టేషన్లోనూ బీమా కంపెనీలోనూ విలువ ఉంటుంది. ఆ విలువ వల్లే ఈ సంగతి ఇంత దూరం వచ్చింది.

ఆ వారం మా చుట్టుపక్కల పత్తికి మందు కొడుతున్నారు. అంతకు ముందు మూడు రోజుల్లో పురుగుమందు పడిన మేత తిని ఐదు గేదెలు, రెండు మేకలు నా దగ్గరికి వచ్చాయి. చొంగ, వాంతి, విరేచనం, వణుకు కనిపిస్తే పిచికారీ రోజుల్లో మేం ముందు విరుగుడుగా అట్రోపిన్ ఇంజెక్షన్ ఇస్తాం, ప్రశ్నలు తర్వాత అడుగుతాం. గేదె విషయంలో ఆ తొందర ప్రాణం నిలుపుతుంది. ఐదింటిలో నాలుగు బతికాయి కూడా.

ఆ ఉదయం మరియమ్మ టీచరు గారు వెదురు బుట్టలో పాత తువ్వాలు కప్పి తన పిల్లిని తెచ్చారు. ఆమె చర్చి బడిలో ముప్ఫై నాలుగేళ్ళు లెక్కలు చెప్పి రిటైరయ్యారు. పిల్లి పేరు పండు. బూడిదరంగు చారల ఆడపిల్లి, ఆరేళ్ళది. తెల్లవారుజాము నుంచి నాలుగు వాంతులు, లెక్కలేనన్ని విరేచనాలు. మూతి తడిగా ఉంది.

"పక్కింటి సాంబయ్య విషం పెట్టాడమ్మా," అన్నారామె. "జనవరిలోనే అరిచాడు, ఈ పిల్లి సంగతి చూస్తానని. ఊరంతా విన్నది."

సాంబయ్య మిరప, పత్తి రైతు. నారు కూడా పోసి అమ్ముతాడు. మూడో తరగతిలో అతనికి ఎక్కాలు నేర్పింది ఈమే. రెండిళ్ళ మధ్య గోడలో మనిషి పట్టేంత దారి వదిలారు. ఆమె కంటి ఆపరేషనుకు గుంటూరు తీసుకెళ్ళింది అతనే. ఇవన్నీ నాకు తెలుసు. అయినా పిల్లికి అట్రోపిన్ ఇచ్చి, చీటీలో "పురుగుమందు విషం, అనుమానం" అని రాసి సంతకం పెట్టాను. పురుగుమందు విషంలో కంటిపాపలు సూదిమొనంత అవుతాయి. పండు కంటిపాపలు ఎలా ఉన్నాయో చీటీలో లేదు. నేను చూశానో లేదో ఈ రోజు ప్రమాణం చేసి చెప్పలేను. ఇంజెక్షనుకు ముందు రక్తం తీసి ల్యాబుకు పంపి ఉంటే తేలే అవకాశం ఉండేది. అదీ తీయలేదు.

పన్నెండున్నరకు ఆ చీటీ టీచరు గారి ఫిర్యాదుతో పాటు పోలీసు స్టేషన్లో ఉంది.

మర్నాడూ ఆ మర్నాడూ సాంబయ్యను పిలిచి పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కూర్చోబెట్టారు. పెంపుడు జంతువుకు విషం పెట్టడం నేరం. అయితే చీటీ మీద కేసు కట్టరు, డాక్టరు ధ్రువపత్రం కావాలి. 26వ తేదీ సోమవారం లోపల ఇమ్మని నాకు కబురొచ్చింది. ఊళ్ళో మాత్రం అప్పటికే తీర్పు అయిపోయింది. నారు చెప్పిపెట్టుకున్న వాళ్ళు ఒక్కొక్కరే వేరే నారుమళ్ళకు పోవడం మొదలుపెట్టారు.

శుక్రవారం పదకొండు గంటలకు సాంబయ్య నా గదిలోకి వచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"మేడమ్ గారూ, పిల్లిని చంపాలంటే నాకు ఎనిమిది నెలలు పడుతుందా? అరిచాను, నిజమే. కల్లంలో పట్టా మీద ఆరబోసిన కాయల మీద దొడ్డికి పోయింది. రెండు గంపల కాయలు పారబోశాను. ఎవడైనా అరుస్తాడు."

ఆ దొడ్డి గట్టిగా ఉందా, నీళ్ళగా ఉందా అని అడిగాను.

అతను నన్ను తేరిపార చూశాడు. "నా మీద కేసు కడుతుంటే పిల్లి దొడ్డి గురించి అడుగుతారేంటండీ?"

మళ్ళీ అడిగాను.

"నీళ్ళే. నెత్తుటి చార కూడా ఉంది. అందుకే కదా పారబోసింది, గట్టిదైతే ఏరి అవతల పడేసేవాణ్ణి."

ఆరోగ్యంగా ఉన్న పిల్లి మట్టి తవ్వి, పని కానిచ్చి, కప్పెడుతుంది. ఆపుకోలేని పిల్లే ఎక్కడ ఉంటే అక్కడ పోతుంది. అతన్ని దోషిని చేసిన ఆ అరుపే పండుకు జనవరిలోనే జబ్బు ఉందని చెబుతోంది.

అతను వెళ్ళాక మా వెటర్నరీ అసిస్టెంటు చేత ఆ ఏడాది రిజిస్టర్లన్నీ తెప్పించాను. మా దగ్గర జంతువుకొక కాగితం ఉండేది కాదు. వచ్చిన ప్రతిసారీ కొత్త చీటీ, రిజిస్టరులో కొత్త వరస. వెతికితే పండు పేరు అంతకు ముందు మూడుసార్లు దొరికింది. గొర్రెల్ని తూచే కాటా మీద టీచరు గారు బుట్టతో ఒకసారి, బుట్ట లేకుండా ఒకసారి నిలబడితే, తేడాలోంచి ఖాళీ బుట్ట బరువు తీసేసి రాసేవాళ్ళం. జనవరి 22న 4.2 కిలోలు. మార్చి 14న 3.9. మే 17న 3.5. ఆగస్టు 20న 2.9. మొదటి యాభై ఒక్క రోజుల్లో మూడు వందల గ్రాములు, తర్వాతి అరవై నాలుగు రోజుల్లో నాలుగు వందలు, చివరి తొంభై ఐదు రోజుల్లో ఆరు వందలు. ఎలా భాగించినా రోజుకు ఆరు గ్రాములు వస్తోంది. మే నెలలో పొలాల్లో పైరే లేదు, మందు ఎవరు కొడతారు? ఒకసారి పెట్టిన విషం ఏదీ రోజుకు ఆరు గ్రాముల చొప్పున ఏడు నెలలు పని చెయ్యదు.

మూడుసార్లూ నులిపురుగుల మందు ఇచ్చి పంపాం. మూడు చీటీల మీదా సంతకం నాదే.

సోమవారం స్టేషనుకు విషం నిర్ధారణ కాలేదనీ, వేరే జబ్బు అనుమానంగా ఉందనీ, పరీక్షకు గడువు కావాలనీ రాశాను. విషమో కాదో ఒక్క మాట చెప్పమని ఫోను వచ్చింది. రెండు వారాలు అడిగాను. అప్పటికే నేను సాంబయ్య పక్షమని ఊళ్ళో అనుకుంటున్నారు. ఆ సాయంత్రం ఐదింటికి టీచరు గారింటికి వెళ్ళాను.

పిల్లులకు పేగుల్లో దీర్ఘకాలం వాపు ఉండే జబ్బు ఒకటుంది. రోగాన్ని ఎదిరించాల్సిన కణాలు తిన్న తిండినే శత్రువనుకున్నట్టు పేగు గోడల్లో గుమికూడతాయి. గోడలు మందమవుతాయి, తిన్నది ఒంటికి పట్టదు. అచ్చం ఇలాగే కనిపించే కాన్సరు కూడా ఉంది. రెండింటికీ తేడా తెలియాలంటే పేగు ముక్క తీసి మైక్రోస్కోపు కింద చూడాలి. అంటే పొట్ట తెరవాలి.

"వాణ్ణి తప్పించడానికి నా పిల్లి పొట్ట కోస్తారా, డాక్టరమ్మా?"

నాలుగు తేదీలు, నాలుగు బరువులు రాసిన కాగితం ఆమె ముందు పెట్టాను. ఆమె కళ్ళజోడు తగిలించుకుని, నా భాగహారాలు మూడూ పక్కన మళ్ళీ చేసి చూసుకున్నారు. తర్వాత తలెత్తారు.

"జనవరిలో ఏమిచ్చారు?"

"నులిపురుగుల మందు."

"మార్చిలో?"

"అదే."

"మేలో?"

"అదేనండీ."

"అంటే మూడుసార్లూ మీరు దీన్ని చూడలేదన్నమాట."

చూడలేదన్నాను. ఆమె కాగితం మడిచి, ఆపరేషను ఎప్పుడని అడిగారు.

29వ తేదీ గురువారం, పశువైద్య కళాశాల ఆసుపత్రిలో, పదకొండు గంటలకు. ముందు స్కానింగులో పేగు గోడ మందంగా కనిపించింది. తర్వాత పొట్ట తెరిచి పేగులో మూడు చోట్ల, పక్కనున్న గ్రంథిలో ఒక చోట చిన్న ముక్కలు తీశారు. ఇంత బక్కచిక్కిన పిల్లిలో అసలు ప్రమాదం ఆ తర్వాత ఉంటుంది. మూడో రోజుకూ ఐదో రోజుకూ మధ్య కుట్లు వదిలితే పొట్టంతా చీము పడుతుంది. నాలుగో రోజు, సెప్టెంబరు 2న, మా ఆసుపత్రికి తెచ్చి ఉంచిన పండుకు జ్వరం వచ్చింది. తిండి ముట్టలేదు.

ఆ రోజుల్లో మా ఆసుపత్రి గేటు దగ్గరికి రోజూ వచ్చి పిల్లి బతికుందా అని అడిగిన మనిషి సాంబయ్య ఒక్కడే. "అది చచ్చిందంటే ఏ పరీక్షా నన్ను కాపాడదండీ," అన్నాడు. ఈ జబ్బుకు పిల్లి ఎప్పుడూ తినని మాంసం పెట్టాలని నా దగ్గర విని, 4వ తేదీన వాళ్ళ బావమరిది ఫారం నుంచి శుభ్రం చేసిన కౌజు పిట్టలు పొట్లం కట్టి తెచ్చాడు. "నేనిచ్చానని చెప్పకండి. విషం కలిపానంటుంది."

నేను చెప్పాను. అప్పటికే ఈ వ్యవహారంలో ఒక కాగితం పని చెడగొట్టింది, దానికి ఒక దాపరికం కూడా చేర్చదలచుకోలేదు. టీచరు గారు పొట్లం విప్పకుండానే తిప్పి పంపేశారు. మా అసిస్టెంటు గుంటూరు నుంచి అవే పిట్టలు వేరేగా తెచ్చాడు. ఆ సాయంత్రం ఆరింటికి పండు రెండు చెంచాల మాంసం తిన్నది. మర్నాటికి జ్వరం దిగింది.

9వ తేదీ సోమవారం పరీక్ష ఫలితం వచ్చింది. కాన్సరు లేదు. పేగుల దీర్ఘకాలిక వాపే. ఈ జబ్బు పూర్తిగా నయం కాదు, అదుపులో ఉంటుంది. వాపు తగ్గించే ప్రెడ్నిసొలోన్ మాత్రలు, వారానికొక బి12 ఇంజెక్షను, కౌజు పిట్ట మాంసం తప్ప మరేమీ పెట్టకూడదని చీటీ రాశాను. పాలు, చేపలు బంద్. స్టేషనుకు ఉత్తరం రాసేటప్పుడు "నిర్ధారణ కాలేదు" అంటే సరిపోతుందని ఒక సహోద్యోగి సలహా ఇచ్చాడు. "20-8-2019న నేను రాసిన అనుమానం తప్పు" అనే రాశాను. మధ్యాహ్నం మూడింటికి అందజేశాను. కేసు కట్టలేదు.

ఆ సాయంత్రమే టీచరు గారు ఫలితం కాగితం తీసుకుని గోడలో దారి గుండా సాంబయ్య పెరట్లోకి వెళ్ళారట. అతను కాగితం చేతిలోకి తీసుకోలేదట. ఏమన్నాడో ఆమే నాకు చెప్పారు.

"కాయితం చూసి నమ్మారు టీచరమ్మా. నలభై ఏళ్ళుగా నన్ను చూసి నమ్మలేకపోయారు."

12వ తేదీన ఆ దారికి ఇటుక కట్టించాడు.

అక్కడి నుంచి పద్నాలుగు నెలలకు నేను రిటైరయ్యే దాకా మా ఆసుపత్రిలో జంతువుకొక కాగితం పెట్టాం. కొత్త బరువు పాత బరువు కిందే పడేది. పిచికారీ రోజుల్లో కంటిపాప కొలత రాయకుండా విషం అన్న మాట రాయడానికి వీల్లేదు. జంతువు ఆగగలిగితే అట్రోపినుకు ముందు రక్తం తీయాలి. "అనుమానం" అని చేర్చితే నా బాధ్యత తగ్గుతుందని అప్పటిదాకా అనుకునేదాన్ని. ఆ చీటీ చదివిన వాళ్ళెవరూ ఆ మాట చదవలేదు.

పండు 2022 మార్చి దాకా బతికింది. ఆ చావు ఈ లెక్కలోకి రాదు. ఈ లెక్కలో పోయినవి ఇవి. పిల్లి ఒంట్లో పదమూడు వందల గ్రాములు, అందులో తొమ్మిది వందలు తిరిగి వచ్చాయి. సరైన వైద్యం లేకుండా రెండు వందల ముప్ఫై రోజులు. స్టేషన్లో ఒక మనిషివి రెండు పగళ్ళు, ఊళ్ళో అతని పేరు ఇరవై రోజులు. ఆ ఏడు అతని నారు తీసుకోకుండా పోయిన ఇళ్ళు పదకొండు. మిరపకాయలు రెండు గంపలు. గోడలో దారి ఒకటి.