రాయల్ డైనర్‌లో సాయవ్వ

ఆ వయసులో నాకు మనుషుల కంటే వాళ్ళ పేర్లలోని అక్షరాలే ముందు కనిపించేవి. డిగ్రీలో రెండు సబ్జెక్టులు మిగిలిపోయి, బాన్సువాడ బస్టాండు దగ్గర దుకాణాలకు బోర్డులు తయారుచేసే ఒకాయన దగ్గర పనికి కుదిరాను. ఇంగ్లీషు వచ్చినవాడినని పెట్టుకున్నాడు (వచ్చని చెప్పింది నేనే, కాదని తేల్చగలిగినవాళ్ళు అక్కడ లేరు). ఆయన్ని అందరూ బోర్డన్న అనేవారు. పక్కనున్న క్యాంపు ఊరి నుంచి ఇద్దరు తోడికోడళ్ళు వచ్చి, ఆడవాళ్ళ సామాన్ల దుకాణం పెడుతున్నామనీ, 'రాయల్ లేడీస్ కార్నర్' అని ఇంగ్లీషులో మెరిసే స్టీలు అక్షరాలు కావాలనీ అడిగి వెళ్ళారు. అడిగారంతే, ఖాయం చేయలేదు. నేను మాత్రం ఉత్సాహం కొద్దీ హైదరాబాదు నుంచి గోనెసంచిలో అక్షరాలు తెప్పించేశాను. అవి దిగేసరికి, ఆహ్వానపత్రికలో ఎవరి ఫోటో పెద్దదిగా ఉండాలన్న దగ్గర పేచీ వచ్చి ఆ తోడికోడళ్ళు మాటలే మానేశారు.

“అరేయ్, ఇవన్ని నెత్తిన పెట్టుకొని తిరుగుతవా ఏంది?” అన్నాడు బోర్డన్న. “గీ అక్షరాలు పోయేదాక నువ్వు ఇంకో పని ముట్టకు.”

ఫోనులో ఒక పేజీ ఉండేది. మన దగ్గరున్న అక్షరాలు కొడితే వాటితో వచ్చే ఇంగ్లీషు మాటలన్నీ కుప్పపోసేది. అందులో లారీ వచ్చింది, డెయిరీ వచ్చింది, సెలూన్, కూలర్, కాలర్ వచ్చాయి. ఇక బాన్సువాడంతా నాకు మాటలుగా నడుస్తూ కనిపించసాగింది. పాలాయన్ని ఆపి డెయిరీ బోర్డు పెట్టుకోమన్నాను. “నాకున్నయి రెండు బర్రెలు. అవి సదువుతయా?” అని సైకిలు తొక్కుకుంటూ పోయాడు. మంగలన్న సగం గీసిన గడ్డాన్ని వదిలేసి మరీ కోప్పడ్డాడు: “నా దుకాణం సెలూనని తెల్వనోడు ఎవడున్నడు గీ ఊర్ల? నువ్వు తప్ప!”

అప్పుడొచ్చాడు, అందరూ కాక అని పిలిచే పెద్దాయన. వాళ్ళ ఊరు పెద్ద కొడప్‌గల్. ఆయన భార్య సాయవ్వ మార్కెట్ దారి పక్కన కట్టెల పొయ్యి పెట్టుకుని ఏళ్ళ తరబడి జొన్నరొట్టెలు అమ్మింది. వడ్లు దించే హమాలీలు, ట్రాక్టర్ల డ్రైవర్లు ఆమె చేతి రొట్టె తిన్నాకే పనిలోకి దిగేవారు. ఆ వానకాలంలో ఆమె పోయింది. కాక, ఆయన కూతురు కలిసి ఒక మడిగె (రోడ్డు మీది దుకాణం గది) కిరాయికి తీసుకున్నారు.

“రేపు పొద్దుగాల షురూ చేస్తున్నం బిడ్డా. తెలుగుల 'సాయవ్వ రొట్టెలు' అని రాయాలె. ఆమె పేరు మీదనే నడవాలె,” అన్నాడు.

గంటలో ఫ్లెక్సీ కొట్టి ఇవ్వొచ్చు. కానీ ఆయన రొట్టెలనగానే నా బుర్రలో గోనెసంచిలోని అక్షరాలు లేచి వరుసలో నిలబడ్డాయి: రాయల్ డైనర్.

“తెలుగు అక్షరాలు పట్నం నుంచి రావాలె కాకా, పదిహేను దినాలైతది. ఇవైతే తయారున్నయి. రాయల్ డైనర్. అంటే రాజులు తినే జాగ.”

“రాజులు ఎందుకొస్తరు బిడ్డా? మా తాన హమాలీలు తింటరు.”

“వాళ్ళు గూడ రాజుల లెక్క తింటరు కాకా!”

కాక ఒక అక్షరాన్ని తీసి అటూ ఇటూ తిప్పి చూశాడు. ఆయనకు చదువు రాదు. “మరి గిండ్ల సాయవ్వ ఏడున్నది?” అని అడిగాడు.

రాయల్ అనే మాటలోని 'వై'నీ దాని పక్కనున్న 'ఏ'నీ చూపించాను. “సాయవ్వను ఇంగ్లీషుల రాస్తే నడుమ గీ రెండే వస్తయి కాకా. ఆమె గిండ్లనే ఉన్నది.”

అది పూర్తిగా అబద్ధం కాదు. అందుకే ఇప్పటికీ నన్ను వదలడం లేదు. కాక ఆ రెండక్షరాలనూ వేలితో నిమిరాడు. వెనక నిలబడ్డ ఆయన బిడ్డ ఆ అక్షరాలనూ తండ్రి వేలినీ మార్చి మార్చి చూసింది (ఆమెకేం తెలుస్తుందిలే అనుకున్నాను). మర్నాడు బోర్డు ఎక్కించాక, కాక స్టూలెక్కి ఆ రెండింటికే కుంకుమ పెట్టాడు. మిగతా వాటిని చూడనైనా లేదు. బోర్డన్న నా వీపు తట్టాడు.

హమాలీలు వచ్చారు. రోడ్డుకు అవతలే ఆగి, ఆ మెరుపునూ తమ దుమ్ము కాళ్ళనూ చూసుకుని వెళ్ళిపోయారు. చాయ్ బండి దగ్గర ఒక హమాలన్న నాతోనే అన్నాడు: “సాయవ్వ ఉన్నన్ని దినాలు కడుపునిండ తిన్నం. ఇప్పుడు కాక ఏడికి పోయిండో ఏమో. గాడ ఏదో పెద్ద హోటలు పడ్డది, మనసొంటోళ్ళను రానిస్తరా?” అది కాక దుకాణమేనని ఒక్క మాట చెబితే సరిపోయేది. ఒక ఫ్లెక్సీ కడితే సరిపోయేది. చెబితే బోర్డు తప్పని తేలుతుంది, బోర్డు తప్పయితే నేను తప్పు. చాయ్ చల్లారిందని చాయాయనతో పోట్లాడి వచ్చేశాను.

చెరుకు బండ్ల కాలం అయిపోకముందే కాక మడిగె ఖాళీ చేశాడు. బోర్డు విప్పడానికి వెళితే నా చెయ్యి పట్టుకున్నాడు. “కడమవన్ని నువ్వే తీసుకపో బిడ్డా. గా రెండు మాత్రం నాకియ్యి.”

ఇప్పుడు నాకే సొంత దుకాణం ఉంది. కాక మళ్ళీ మార్కెట్ దారికే చేరాడు. పైన టార్పాలిన్ పట్టా, కింద పొయ్యి. బిడ్డే రొట్టెలు చేస్తుంది. గుంజకు తీగతో కట్టిన రెండు స్టీలు అక్షరాలు, వాటి మీద కుంకుమ. అంతా చెప్పేద్దామని మొన్నొక మధ్యాహ్నం వెళ్ళాను. తింటున్న కాలేజీ పిల్లవాడు గుంజను చూసి “యా? గదేం పేరు కాకా?” అంటున్నాడు.

“గది నడిమి ముక్క. ముందట సా, ఎనుక వ్వ. అవి నువ్వు అనుకోవాలె,” అన్నాడు కాక. నన్ను చూడగానే ఆయన మొహం విప్పారింది. “అగో, మా సాయవ్వ పేరు ఇంగ్లీషుల రాసింది గీయననే!”

“కాకా, ఆ దినం నేను...” అని మొదలుపెట్టాను.

“అన్నా,” అంది బిడ్డ, రొట్టె మీద నుంచి చూపు ఎత్తకుండా, నాకొక్కడికే వినబడేలా. “నేను పది దాక సదివిన. అప్పుడే తెల్సు నాకు. నాయిన వాటిని నిమిరినంక ఇగ నోరు రాలే. నువ్వు గూడ చెప్పకు. తిను.”

తిన్నాను. కాక నన్ను చూపించి వచ్చిన ప్రతివాడికీ చెబుతూనే ఉన్నాడు. తల వంచుకుని ఆ పొగడ్తంతా రొట్టెతోపాటు మింగాను. గోనెసంచి ముందు కూర్చుని ఊరినంతా మాటలుగా కుప్పపోసిన ఆ తెలివైన కుర్రాడు గుర్తొచ్చి, ఎందుకో కొంచెం నవ్వు కూడా వచ్చింది. ఆ రెండక్షరాలతో ఇంకేం మాటలు వస్తాయో ఇంతవరకూ ఫోనులో వెతకలేదు.