తెలియదన్న డాక్టరమ్మ

నా చిన్నప్పుడు, ఐదో తరగతి అయిపోయిన వేసవిలో, కుడి మోకాలికి కాస్త పైన తొడలో ఒక గడ్డ లేచింది. నొప్పి లేదు, ఎరుపు లేదు. నిమ్మకాయంత ఉండేది. హంసలదీవి దగ్గర మా పల్లెలో చూసిన ప్రతివాళ్లూ కొవ్వు గడ్డే, ఏం కాదన్నారు. ఊళ్లో సూదులు వేసే ఆయన కూడా అదే మాట చెప్పి, బందరు తీసుకెళ్లి కోయిస్తే పోతుందన్నాడు. మా నాన్న చేపల వ్యాపారం మీద తరచూ బందరు వెళ్తుండేవాడు. ఒక ఉదయం నన్ను కూడా బస్సెక్కించాడు. సాయంత్రానికి తిరిగొచ్చేస్తామన్న ధీమాతో అమ్మ ఒక పూటకే అన్నం కట్టి ఇచ్చింది.

బందరులో డాక్టరమ్మ యాభై దాటిన మనిషి. గొంతు పెంచేవారు కాదు. గడ్డను వేళ్లతో పట్టి చాలాసేపు చూసి, ఎక్స్‌రే తీయించమన్నారు. తీయించుకుని వచ్చాక ఫిల్ము చేతిలో పట్టుకుని కిటికీ దగ్గరే నిలబడిపోయారు.

"కోసెయ్యండమ్మా, సాయంత్రం బస్సుకి వెళ్లిపోతాం" అన్నాడు నాన్న.

"ఇవాళ కొయ్యనండీ" అన్నారామె.

నాన్న ముఖం మారింది. నన్ను బయటికి వెళ్లమని కళ్లతో సైగ చేశాడు. డాక్టరమ్మ అది చూశారు. "ఉండనివ్వండి, కాలు ఆ పిల్లది కదా" అని నన్ను కిటికీ దగ్గరికి పిలిచారు. వెలుతురుకి ఎదురుగా ఫిల్ము పట్టి, తెల్లగా ఉన్నది నా ఎముక అనీ, అది బాగానే ఉందనీ చెప్పారు. గడ్డ ఉన్నది కండలో. కండ ఎక్స్‌రేలో మసకగానే పడుతుందట. ఆ మసకలో ఉప్పురవ్వల్లాంటి తెల్లటి చుక్కలు చూపించి, అవే తనకి నచ్చలేదన్నారు.

"అయితే ఏంటండీ అది?" అని నేనే అడిగాను.

"నాకు తెలియదమ్మా."

నాన్నకి కోపం వచ్చింది. "డాక్టరుగారు మీరే తెలీదంటే ఇంకెవరికి తెలుద్దండీ?"

ఆమె నొచ్చుకోలేదు. అదేమిటో తెలియకుండా కత్తి పెడితే, చెడ్డదైన పక్షంలో చుట్టుపక్కలకి పాకవచ్చన్నారు. మద్రాసులో ఒళ్లు లోపల మెత్తటి భాగాలని కూడా చూపించే స్కానింగ్ ఉందనీ, బొమ్మ చూశాక సూదితో చిన్న ముక్క తీసి మైక్రోస్కోపు కింద పరీక్షిస్తారనీ, అప్పుడే దాని పేరు తెలుస్తుందనీ విడమర్చి చెప్పారు. తర్వాత నావైపు వంగి, భయమేస్తోందా అని అడిగారు. తలూపాను. "నాకూ వేస్తోంది. అందుకే తొందరపడను" అన్నారు. మా ఎదురుగానే మద్రాసుకి ట్రంకు కాల్ బుక్ చేసి, అది కలిసేదాకా మమ్మల్ని కదలనివ్వలేదు.

తిరుగు బస్సులో నాన్న పులిగడ్డ దగ్గర కృష్ణ దాటుతుండగా తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు.

మద్రాసులో దాని పేరు తేలింది. సైనోవియల్ సార్కోమా. అరుదుగా వచ్చే కాన్సరు. మామూలు గడ్డే కదా అని ముందే కెలికి ఉంటే కాలు దక్కడం కష్టమయ్యేదని అక్కడివాళ్లు అన్నారు. గడ్డతో పాటు చుట్టూ ఉన్న కండ తీసేసి, కరెంటు, అదే రేడియేషన్, పెట్టారు. ఆపరేషను రోజు పొద్దున్న కళ్లు తెరిచేసరికి డాక్టరమ్మ మంచం పక్కన ఉన్నారు. బందరు నుంచి రైల్లో వచ్చారట. నా జడ సరిచేశారు. చదువురాని మా అమ్మ ఆ జబ్బు పేరు తప్పు లేకుండా పలకడం నేర్చుకుంది. ఊళ్లో ఎవరైనా ఇంకా కొవ్వు గడ్డంటే ఊరుకునేది కాదు.

కాలు నిలిచింది. కాస్త కుంటు మిగిలింది. ఇప్పుడు నాకు మనవలున్నారు.

మొన్నామధ్య పక్కింటి అమ్మాయి తన కూతురి భుజం మీద గడ్డ చూపించి, "ఏం కాదని ఒక్క మాట చెప్పండి పిన్నిగారూ" అని ఏడ్చింది. ఆ మాట నా నోటికి రాలేదు. నాకు తెలియదమ్మా, పద చూపిద్దాం అన్నాను. పిల్లని ఎంఆర్ఐ గదిలోకి తీసుకెళ్లాక, తలుపు బయట ఆ తల్లి చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. భయపడాల్సింది కాదని తర్వాత తేలింది. ఇంకోలా తేలినా ఆ చెయ్యి వదిలేదాన్ని కాదు. డాక్టరమ్మ దగ్గర నేను నేర్చుకున్నది ఆ కాస్తే.