నేను చూసి ఇచ్చిన తాడు

మా చెట్ల సార్ పోయారన్న కబురు గురువారం పొద్దున వచ్చింది. అప్పుడు నేను దూలపల్లిలో ఒక గోదాము వెనక తుమ్మచెట్టు మీద ఉన్నాను. ఫోన్ చేసింది సార్ ఇంటామె, ఆయన భార్య. "మీ సార్ ఇగ లేడు బిడ్డా" అని ఒక్క మాట చెప్పి పెట్టేసింది. పద్దెనిమిదేళ్ళుగా చెట్లెక్కి దిగుతున్న మనిషిని, నాకు దిగడం చేతకాలేదు. కొమ్మను కరుచుకుని అలాగే కూర్చుండిపోయాను. కింద నుంచి గోదాము మేనేజరు పని అయిందా అని రెండుసార్లు అడిగాడు.

మర్నాడు అంత్యక్రియలు అయ్యాక మా శామీర్‌పేట కాలనీ సెక్రటరీ గారు నన్ను పక్కకు పిలిచి, ఆదివారం సంతాపసభలో చదవడానికి సార్ గురించి నాలుగు మంచి మాటలు రాసుకురమ్మన్నారు. రాయలేకపోయాను. ఇప్పుడు రాస్తున్నాను. మంచి మాటలు బోలెడు ఉన్నాయి, కానీ అవి మాత్రమే రాసి ఊరుకుంటే నా అంత దొంగ ఇంకొకడు ఉండడు. చదివేవాళ్ళు కాస్త ఓపిక పట్టాలి.

సార్ ఒక నర్సరీలో మాలీగా చేసి రిటైరైన మనిషి. వయసులో ఉండగా, ఆయన తోటి పనివాడొకడు ఏ కొమ్మను నరుకుతున్నాడో ఆ కొమ్మకే నడుం కట్టుకుని కళ్ళ ముందే కింద పడిపోయాడట. ఆ తర్వాత సార్ రాతిగుట్టలు ఎక్కడం నేర్పేవాళ్ళ వెంటపడి తాడు పని నేర్చుకున్నారు. చెట్లను గురించి ఎవరు ఏ మీటింగు పెట్టినా వెళ్ళి చివరి వరసలో కూర్చునేవారు. రిటైరయ్యాక మా కాలనీ పార్కులో ప్రతి ఆదివారం క్లాసు మొదలుపెట్టారు. గొడ్డలి తప్ప ఇంకేమీ తెలియని మాలాంటి వాళ్ళం మేడ్చల్ నుంచి, కీసర నుంచి, అల్వాల్ నుంచి వచ్చేవాళ్ళం.

నేను మొదటిరోజు నేర్చుకోవడానికి రాలేదు. నాకన్నీ వచ్చునన్న పొగరుతో, అక్కడేమైనా పని దొరుకుతుందేమోనని వచ్చాను. సార్ నన్ను కాలనీ అంతా తిప్పి ఒక వేపచెట్టు ముందు నిలబెట్టారు. కొట్టిన కొమ్మ కింద బెరడు మూరెడు పొడుగున ఊడి, చెట్టు లోపలి మాంసం ఎండిపోయి ఉంది.

"ఇది నీ పనేనా?" అన్నారు.

"నాదే సార్" అన్నాను గర్వంగా.

"కొమ్మ గొట్టమంటే తోలు గుంజినవ్ గదరా. నీకెవలన్న గట్ల గుంజితే ఊకుంటవా?"

అక్కడే నిచ్చెన వేయించి నాతో ఇంకో కొమ్మ కోయించారు. ముందు కింది నుంచి కొంచెం కోత, తర్వాత కాస్త అవతల పై నుంచి కోత, బరువంతా పడిపోయాక మిగిలిన మోడును మొదలు దగ్గరున్న బెరడు మడత చెడకుండా తీసేయడం. అరగంట పట్టింది. గొడ్డలితో అయితే రెండు నిమిషాల పని. అదే మాట అంటే, "చెట్టుకు తొందర లేదు, నాకు తొందర లేదు, మరి నీకేం పరేషానీరా?" అన్నారు.

ఆయన జేబులో ఎప్పుడూ ఒక చిన్న చెక్క సుత్తి ఉండేది. ఎక్కబోయే ముందు మొద్దు చుట్టూ కొట్టి, చెవి ఆనించి వినేవారు. బోలుగా మోగిన చెట్టు ఎవరెంత బతిమాలినా ఎక్కనిచ్చేవారు కాదు. మా కాలనీలో అందరూ ఉద్యోగస్తులు, చాలామంది కోస్తా నుంచి వచ్చినవాళ్ళు. ఒకాయన "ఈ తురాయి ఆకులన్నీ నా కారు మీదే పడుతున్నాయండీ, మొత్తం కొట్టించేయండి" అన్నాడు. సార్ ఆ కారును, చెట్టును మార్చి మార్చి చూసి, "కారుకు చక్రాలున్నయ్ గద సార్, దాన్నే జరుపుకోరాదుండ్రి" అన్నారు. ఆయనకు కోపం వచ్చింది కానీ తురాయి మాత్రం ఇప్పటికీ అక్కడే ఉంది.

క్లాసు పూర్తి చేసినవాళ్ళకు సార్ కాగితం ఇచ్చేవారు కాదు. మాలో సగం మందికి చదవడం రాదు కదా. ఆయన పద్ధతి వేరు. నేర్చుకున్నవాడు ఎక్కే తాడును ఈ కొస నుంచి ఆ కొస దాకా, కళ్ళు మూసుకుని, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య అంగుళం అంగుళం జరుపుతూ చూడాలి. చూసి "చూసిన సార్" అనాలి. అప్పుడు సార్ ఆ తాడును చేత్తో కూడా తడమకుండా దాని మీద తానే చెట్టెక్కేవారు. "నువ్వు జూసినవంటే నేను జూసినట్టే" అనేవారు. అదే మా సర్టిఫికెట్. దాని గడువు ఒక్క ఏడాది. ప్రతి సంవత్సరం వానలకు ముందు పాతవాళ్ళం కూడా మళ్ళీ వచ్చి, మళ్ళీ నేర్చుకుని, మళ్ళీ తాడు చూసి ఇవ్వాల్సిందే. నాకది నామోషీగా ఉండేది. ఏటేటా అదే పాఠమేంది సార్ అని విసుక్కునేవాణ్ణి. "చెయ్యి మర్సిపోతదిరా" అనేవారు.

ఇంకో నియమం కూడా ఉండేది. ఎక్కే తాడుతో ఇంకే పనీ చేయకూడదు. బండి లాగిందనో, బరువు ఎత్తిందనో తెలిస్తే చాలు, అది ఎంత కొత్తదైనా సరే, ఇంకెవరూ ఎక్కడానికి వీల్లేకుండా మా ముందే మూరెడేసి ముక్కలు కోసేసేవారు. పైన తొడుగు బాగానే ఉన్నా లోపలి పోగులు తెగి ఉంటాయని చెప్పేవారు. మా ప్రాణం ఉసూరుమనేది.

ఇప్పుడు నా సంగతి. పోయిన నెలలో కాలం కాని వాన పడింది కదా. మా కాలనీ వెనక కొత్త లేఅవుటులో నీళ్ళ ట్యాంకరు బురదలో కూరుకుపోయింది. డ్రైవరు కాళ్ళావేళ్ళా పడ్డాడు. క్లాసు తాడు నా దగ్గరే ఉంది. ఇచ్చాను. ట్రాక్టరుకు కట్టి నాలుగు ఊపులు ఊపితే ట్యాంకరు బయటపడింది. అందరూ నన్ను మెచ్చుకున్నారు. తాడును శుభ్రంగా కడిగి, నీడన ఆరేసి, పార్కు షెడ్డులో పెట్టేశాను. సార్‌కు చెప్పాలనే అనుకున్నాను. చెబితే కోసేస్తారు. కొత్తది రావాలంటే రెండు వారాలు. వానల ముందు పని ముమ్మరంగా ఉండే రోజులు. చెప్పలేదు.

మూడో రోజు ఆదివారం. తాడు చూసి ఇవ్వడం నా వంతు. మిగతావాళ్ళు అవతలి చెట్టు దగ్గర ముడులు నేర్చుకుంటున్నారు. నేను తాడును వేళ్ళ మధ్య జరుపుతూ పోతుంటే సగం దాటాక ఒకచోట మెత్తగా తగిలింది. చెయ్యి ఆగింది. నిజం చెబుతున్నాను, ఆగింది. ఆగిన చేతిని నేనే ముందుకు తోశాను.

"చూసిన సార్" అన్నాను.

సార్ ఎక్కారు. పైకి వెళ్ళి, ఆసరాకు రెండో బెల్టు కొమ్మ చుట్టూ వేసుకోవడానికి వెనక్కి వాలారు. తాడు తెగింది. ఆ చప్పుడు గురించి రాయలేను.

అందరూ పరుగెత్తుకొచ్చేసరికి సార్ పక్కన ఆయన రంపం పడి ఉంది. నడుముకున్న ఒరలోంచి జారి పడింది. రంపమే తాడుకు తగిలిందనుకున్నారు. నేను కాదనలేదు.

ఆస్పత్రిలో రెండు రోజులు ఆయనకు తెలివి ఉంది. కమిటీవాళ్ళు వచ్చి ఎలా జరిగిందని అడిగితే, "నా రంపమే తగిలింది సార్, తప్పు నాదే" అన్నారు. నేను మంచం కాళ్ళ దగ్గర నిలబడి ఉన్నాను. వాళ్ళు వెళ్ళాక నన్ను దగ్గరికి రమ్మని సైగ చేశారు. తిడతారనుకున్నాను. తిడితే బాగుండునని కూడా అనుకున్నాను.

"తాడు కోసినవా?" అన్నారు.

"కోసిన సార్" అన్నాను.

కళ్ళు మూసుకున్నారు. ఆయనకు అంతా తెలుసు. ఆ తాడు మీద ఇంకెవరూ ఎక్కకూడదన్నదొక్కటే ఆయన బెంగ. నేను దానికీ అబద్ధమే చెప్పాను. తెగిన కొసను చూసే ధైర్యం లేక మిగిలిన తాడును సంచిలో కుక్కి షెడ్డులో పడేశాను, అంతే.

శుక్రవారం సెక్రటరీ గారు నాలుగు మాటలు రాయమన్నప్పుడే ఇంకో మాట కూడా అన్నారు. "పాపం పెద్దాయన, చూపు ఆనక తన తాడు తనే కోసేసుకున్నారండీ. నేర్పేవారికే ఇలా అయితే నేర్చుకునేవాళ్ళ గతేంటండీ? ఈ ఆదివారం సభతో క్లాసు ఆపేద్దామని కమిటీ అనుకుంటోంది." నేను తల ఊపాను. ఆయన జీవితమంతా చెప్పిన పాఠాన్ని ఆయన నోటితోనే అబద్ధం చేయించి, దానికి తల కూడా ఊపి ఇంటికొచ్చి పడుకున్నాను.

శనివారం షెడ్డుకు వెళ్ళి చూస్తే సంచి ఖాళీ. తోటమాలిని అడిగితే, మా తమ్ముడు తీసుకుపోయాడన్నాడు. తమ్ముడంటే నా తోడబుట్టినవాడు కాదు. చెరువులో చేపలు పట్టే ఇంట్లోంచి వచ్చి, నాతోపాటే సార్ దగ్గర నేర్చుకున్నవాడు. కీసరలో ఏదో ఫంక్షన్ హాలు ముందు చెట్లు కోయడానికి పోయాడట. రంపం తగిలిన చోటు తీసేస్తే మిగతా తాడు మంచిదే కదా అనుకుని ఉంటాడు. అలా అనుకోవడానికి అవకాశం ఇచ్చింది నేను.

ఫోన్ చేశాను. ఎత్తలేదు. చెట్టు మీదున్నవాడు ఎత్తడు, అది కూడా సార్ నేర్పిందే. బండి తీశాను. శామీర్‌పేట నుంచి కీసర దాకా దారిలో ఏ మలుపు ఎలా తిరిగానో నాకు గుర్తులేదు. దేవుడికి మొక్కలేదు. సార్‌నే తిట్టుకుంటూ పోయాను, నన్ను ఎందుకు కాపాడావయ్యా అని ఏడుస్తూ పోయాను.

వాడు ఇరవై అడుగుల ఎత్తున ఉన్నాడు.

"తమ్మీ, ఆ తాడు మీద బరువు వెయ్యకు. కొమ్మ పట్టుకో. నిచ్చెన పెడతన్న" అన్నాను. వాడు నా మొహం చూసి కొమ్మను పట్టుకున్నాడు. నిచ్చెన మీదుగా దింపాను.

"ఏమైందన్నా?"

తాడు వాడి చేతిలో పెట్టి చూడమన్నాను. వలలు అల్లిన చేతులు వాడివి. కళ్ళు మూసుకుని జరుపుతూ పోయి, తెగిన కొసకు మూరెడు ఇవతల ఆగాడు.

"గీడ మెత్తగున్నది. లోపల తెగింది" అన్నాడు. "నేను గూడ సూడకుంటనే ఎక్కిన. సార్ తాడు గదా అనుకున్న." మళ్ళీ తాడు వంక చూసి, "గా దినం నువ్వు సూసినవ్ గదన్నా. నీ చేతికి తగల్లేదా?" అన్నాడు.

"తగిలింది" అన్నాను.

వాడు నన్ను కొట్టలేదు. తాడును అక్కడే పడేసి, రోడ్డవతలికి పోయి, నాకు వీపు చేసి కూర్చున్నాడు.

ఆదివారం పార్కులో సభకు చెట్లు కోసేవాళ్ళం పదిమందిమి వచ్చాం. సెక్రటరీ గారు, కమిటీవాళ్ళు కుర్చీల్లో ఉన్నారు. సార్ ఇంటామె కింద చాప మీద కూర్చుంది. నేను లేచి ట్యాంకరు సంగతి, ఆగిన చెయ్యి సంగతి, ఆస్పత్రిలో అబద్ధం సంగతి, అన్నీ వరసగా చెప్పాను. సార్ రంపం తాడుకు తగల్లేదనీ, ఆయన నేర్పినదాంట్లో తప్పు లేదనీ, నేర్చుకున్న నాదే తప్పనీ చెప్పాను. నన్ను పోలీసులకు అప్పగించినా సరే, క్లాసు మాత్రం ఆపొద్దని చేతులు జోడించాను.

సార్ ఇంటామె అంది, చాలా మెల్లగా.

"తాడు మంచిగ లేదని ఒక్క మాట జెప్తే ఎక్కకపోతుండె గద బిడ్డా. గంతే గద."



అప్పుడు తమ్ముడు లేచాడు. నా వైపు చూడలేదు. తన సంచిలోంచి సొంత తాడు తీసి చాప ముందు పెట్టి, "దీంతోని పడవ గుంజిన" అన్నాడు. మేడ్చల్ నుంచి వచ్చినాయన ఇంకోటి తెచ్చి పెట్టాడు. "బోరు మోటరు దీంతోనే పైకి దీసినం." ఇంకొకరు "ఇది బర్రెను కట్టేసింది" అన్నారు. ఒకరి తర్వాత ఒకరు లేచారు. ఎక్కే తాడుకు ఇంకో పని చెప్పనివాడు మాలో దాదాపు లేడు. నాదీ తెచ్చి పెట్టాను. పడిపోయిన కరెంటు స్తంభం ఎత్తాను దాంతో.

సెక్రటరీ గారు కుర్చీలోంచి లేచి ఆ తాళ్ళ కుప్ప చుట్టూ ఒకసారి తిరిగారు. "వచ్చే ఆదివారం కూడా రండి" అని వెళ్ళిపోయారు.

సార్ ఇంటామె పక్కింటి నుంచి కత్తిపీట తెప్పించుకుంది. చీర కుచ్చెళ్ళు సర్దుకుని దాని ముందు కూర్చుని, ఒక్కో తాడునూ అందుకుని కూరగాయలు తరిగినట్టు కోయడం మొదలుపెట్టింది. తాడు గట్టిది, తొందరగా తెగదు. మేం అటు కొస ఇటు కొస పట్టుకుని ఒకరి తర్వాత ఒకరం ఆమె ముందు కూర్చున్నాం. కీసర వైపు మబ్బు కమ్ముతోంది. మర్నాటి పనులకు మా పదిమందికీ కలిపి రెండే తాళ్ళు మిగిలాయి.