హ్యాండ్‌బ్యాగులో పడవ బిరడా

మా నాన్న నన్ను మోసం చేశాడన్న సంగతి నాకు ఫోన్ చేసి చెప్పింది మా నాన్నే. చెప్పాలని చేయలేదు. బిరడా కోసం చేశాడు.

ముందు పడవ గురించి చెప్పాలి. కైకలూరు దగ్గర చేపల చెరువులున్న ఒకాయన మేత చల్లడానికి వాడిన చిన్న అల్యూమినియం పడవ అది. చెరువు లీజు అయిపోయి అమ్మకానికి పెట్టాడు. ముగ్గురు కూర్చుంటే నాలుగోవాడు ఎక్కాలా వద్దా అని ఆలోచించుకోవాలి, అంత పడవ. ఒళ్లంతా సొట్టలు, పెచ్చులూడిన రంగు, అడుగున రాయిలా గట్టిపడిన తవుడు. ఆ కంపుకి నేను ముక్కు మూసుకుంటే నాన్న మాత్రం పెళ్లిచూపులకొచ్చినవాడిలా దాని చుట్టూ తిరిగాడు. వేలితో కొట్టి చూశాడు. "రేకు బానే ఉందమ్మా. రివిట్లే వదులయ్యాయి. మనం బిగించుకోవచ్చు" అన్నాడు.

ఆ 'మనం' దగ్గరే నేను పడిపోయాను.

మినీ లారీ మీద తెస్తూ హనుమాన్ జంక్షన్‌లో టీకి ఆగితే అందరూ మా చుట్టూ మూగారు. "ఏమండీ, మళ్లీ వరదొస్తందని మీకు ముందే కబురందిందా?" అని ఒకాయన అడిగాడు. నాన్న పడీ పడీ నవ్వాడు. ఆయన్ని అంత ఉషారుగా నేను చూసి చాలా ఏళ్లయింది.

నాన్న పుట్టింది సముద్రం ఒడ్డున, వేట మీద బతికే కుటుంబంలో. చదువుకుని బస్సు డిపోలో మెకానిక్ అయ్యి మంగళగిరిలో ఇల్లు కట్టుకున్నాడు. ఆయన అన్న, మా పెదనాన్న, వేటలోనే ఉండిపోయాడు. చిన్నప్పుడు సెలవులకి అక్కడికి వెళ్తే మగపిల్లలందరినీ పడవెక్కించి తిప్పేవారు. నన్ను అన్నం క్యారేజీతో గట్టు మీద కూర్చోబెట్టేవారు. ఆడది ఎక్కితే వేట పడదట. ఒకసారి నేను ఇసుకలో పడి దొర్లి ఏడుస్తుంటే నాన్న ఎత్తుకుని, "ఏడవమాకమ్మా. మన పడవ మనమే కొనుక్కుందాం. దాంట్లో ముందు ఎక్కేది నువ్వే" అన్నాడు. ఇప్పుడు నాకు నలభై దాటాయి. బెంజ్ సర్కిల్ దగ్గర ఒక ల్యాబులో రక్తపరీక్షలు చేస్తాను. ఆ మాట మాత్రం నేను మర్చిపోలేదు. పడవ కొందామని నాన్న అన్నప్పుడు, ఆయనా మర్చిపోలేదనుకున్నాను.

ఇంటి ముందు రెండు బల్లల మీద పడవని ఎత్తుగా పెట్టాం. తవుడంతా గీకింది నేను. చిల్లులు కనిపెట్టడానికి నాన్న దాన్నిండా నీళ్లు పోయించాడు. నేను కింద వెల్లకిలా పడుకుని, చుక్క ఎక్కడ కారితే అక్కడ సుద్దముక్కతో గీత పెట్టాను. చెరువు కంపు ముఖం మీద కారింది. ఆ తర్వాత రివిట్లు. రివిట్టు బిగించాలంటే ఇద్దరు కావాలి. బయటినుంచి ఒకరు సుత్తితో కొడుతుంటే లోపల ఇంకొకరు ఇనప దిమ్మ ఆనించి పట్టుకోవాలి. కొట్టేవాడు కనిపించడు. నమ్మి పట్టుకోవడమే. నాన్న కొట్టాడు, నేను పట్టుకున్నాను. కూర్చునే బల్లల కింద థర్మోకోల్ దూర్చాం, బోల్తా పడ్డా మునగదని. డిపోలో తనతో పనిచేసినవాళ్లనడిగి పాత బ్రేక్ డ్రమ్ము తెచ్చి, గొలుసు తగిలించి, లంగరు ఇదేనన్నాడు. తెడ్లకి వార్నిష్ నేనే వేశాను. ఎండకి వంగిపోతాయని నా గదిలో గోడకి ఆనించి పెట్టుకున్నాను.

ఇక బిరడా. పడవ వెనక అడుగున, లోపల చేరిన నీళ్లు వదలడానికి ఒక రంధ్రం ఉంటుంది. దానికుండే పాత రబ్బరు బిరడా ఎండిపోయి, పోసిన నీళ్లు వదలడానికి పీకుతుంటే పగిలిపోయింది. మా ల్యాబులో పెద్ద సీసాలకి వాడే రబ్బరు బిరడా ఒకటి, మాకు సరుకు తెచ్చే షాపులో కొని పెట్టి చూస్తే, కొలత తీసి చేసినట్టు సరిపోయింది. నాన్న నా వీపు తట్టాడు. "నేనైతే ఎక్కడో పారేస్తాను. నీ దగ్గరే ఉంచు" అన్నాడు. హ్యాండ్‌బ్యాగులో వేసుకున్నాను. ఆదివారం పడవని కృష్ణలో దించుదామనుకున్నాం.

శుక్రవారం పొద్దున్నే, పరగడుపున షుగర్ పరీక్షకొచ్చిన ఒక పెద్దాయన చేతికి పట్టీ కట్టి నరం వెతుకుతుంటే ఫోన్ మోగింది.

"అమ్మా, ఆ బిరడా ఎక్కడ పెట్టావు?"

"నా బ్యాగులోనే ఉంది. ఇప్పుడెందుకు నాన్నా?"

"ఏం లేదు... ఊరికే. తేలుద్దో లేదో చూద్దామని."

ఆయన వెనకనుంచి పెదనాన్న గొంతు గట్టిగా వినిపించింది. "తువ్వాలు కుక్కినా ఆగట్లేదురా! లోపలికొచ్చేస్తన్నయ్ నీళ్లు!"

పెదనాన్న వచ్చాడన్న సంగతే నాకు తెలియదు. నేను డ్యూటీకి వెళ్లేదాకా ఆగి దించారన్నమాట. నా గదిలోకి వెళ్లి తెడ్లు తీసుకోవడం గుర్తుంది నాన్నకి. నేనే గుర్తులేను. ఏరు దాటాక తెప్ప తగలేసేవాళ్ల గురించి విన్నాను గానీ, ఏట్లో దిగకముందే తగలేసినవాణ్ని నాన్నలోనే చూశాను. పెద్దాయన రక్తం తీసి, పర్మిషన్ అడిగి, స్కూటీ మీద వారధి దాటి సీతానగరం రేవుకి వెళ్లాను. దారంతా ఏడుస్తూనే ఉన్నాను. హెల్మెట్ ఉండబట్టి సరిపోయింది.

పడవ ముక్కుకి పసుపు, కుంకుమ, బంతిపూల దండ. కొబ్బరికాయ కొట్టేశారు. పెదనాన్న మోకాళ్లలోతు నీళ్లలో నిలబడి చెయ్యెత్తాడు.

"గట్టు మీదే ఉండమ్మా, దగ్గరికి రామాకు. మన చేతికొచ్చాక మొదటిసారి నీళ్లు తాకుతంది."

"నేను దాని కింద పడుకుని గీతలు పెట్టినప్పుడు ఏమీ కాలేదా పెదనాన్నా?" అన్నాను. ఆయన మీద నాకంత కోపం లేదు. ఆయన ఎప్పుడూ ఇదే మాట అన్నాడు, నాకు ఏ మాటా ఇవ్వలేదు. నాన్న వైపు తిరిగాను.

"నువ్వు చెప్పు నాన్నా. ఎక్కమంటావా, వద్దంటావా?"

నాన్న బ్రేక్ డ్రమ్ము వైపు చూశాడు. "ఈ ఒక్క రోజుకేనమ్మా. పెద్దోడు, ఎందుకు బాధపెట్టటం? రేపట్నించి ఎన్నిసార్లన్నా ఎక్కు."

బిరడా ఆయన చేతిలో పెట్టి తిరిగి డ్యూటీకి వెళ్లిపోయాను. సాయంత్రం ఇంటికొస్తే వంటింట్లో తొలి వేట చేపలు ఉన్నాయి. మొదటి చేపలు నువ్వే వండాలన్నాడు నాన్న. ఆ చేపలు ఎదురింటివాళ్లకి ఇచ్చేశాను.

ఇప్పుడు పడవ రేవు గట్టు మీదే ఉంటుంది. ఎవరూ తోలుకుపోకుండా తెడ్లూ బిరడా ఇంటికి తెచ్చేస్తాడు. తెచ్చిన బిరడా మళ్లీ నా చేతికే ఇస్తాడు. మళ్లీ అడిగి తీసుకుంటాడు. ఇస్తాను, మాట్లాడను. ఒక ఆదివారం గుమ్మంలో నిలబడి, "ఇవ్వాళ రామ్మా, ఎక్కుదువుగాని. రేవులో ఎవరూ ఉండరు" అన్నాడు.

"ఎవరూ లేనప్పుడు ఎక్కటానికి నేనేమన్నా దొంగనా నాన్నా? పెదనాన్న వచ్చిన రోజు పిలువు, వస్తాను."

ఆయన బిరడా జేబులో వేసుకుని వెళ్లిపోయాడు.

ఆ తర్వాత పెదనాన్న రెండుసార్లు వచ్చి వెళ్లాడు. రెండుసార్లూ నాన్న నన్ను బిరడా అడగలేదు. నదిలో ఒక చుట్టు తిరిగొద్దామని పెదనాన్న అంటే, తెడ్డు విరిగిందని చెప్పాడట. తెడ్లు రెండూ నా గదిలోనే, గోడకి ఆనించి ఉన్నాయి.